మూలకణం, గ్రేడ్-టూ

మా కడిమిపేట పురపాలక సంఘంలో మూడు నెలల పైన ఎవరికీ ఏ ఉద్యోగమూ లేదు. అలాగని ఎవరినీ తీసెయ్యలేదు. రెండు వందల పద్నాలుగు మందిమీ రోజూ పదిన్నరకి వచ్చి సంతకాలు పెట్టాం, ఐదున్నరకి ఇళ్లకి పోయాం. మధ్యలో ఎవరం ఏమిటన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఆర్డరు ముసాయిదా రాసినవాణ్ణి నేనే కాబట్టి ఆ ముచ్చట నేను చెప్పడమే మర్యాద.

నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను సూపరింటెండెంటుని. పై అధికారికి వచ్చిన ఆలోచన ఎలాంటిదైనా సరే, దాన్ని ‘ఇందుమూలముగా’ అని మొదలుపెట్టి ‘తక్షణమే అమలులోకి వచ్చును’ అని ముగించడం నా వృత్తి. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఒక్క ఆలోచననైనా మధ్యలో ఆపిన పాపాన పోలేదు.

మా కమిషనరు వినీల్ చంద్ర గారు మంచివారు. ఇది వెటకారం కాదు. చెయ్యి చాపరు, కేకలెయ్యరు, మధ్యాహ్నం నిద్రపోరు. ఆయనకున్న దోషమల్లా శిక్షణా తరగతులు. ఎక్కడ శిక్షణ పెట్టినా వెళతారు, వెళ్లిన చోట చెప్పినదంతా వింటారు, విన్నదంతా మా మీద అమలు చేస్తారు. అంతకు ముందు తేనెటీగల క్రమశిక్షణ గురించి విని వచ్చినప్పుడు మేం నెల్లాళ్లు వరసల్లో నడిచాం. ఈసారి నాయకత్వ శిక్షణలో మూడో రోజు, భోజనాలయ్యాక, ఒక జీవశాస్త్రం ప్రొఫెసరు గారు కణాల గురించి మాట్లాడారట. మిగతా అధికారులంతా కునికిపాట్లు పడుతుంటే మా కమిషనరు గారొక్కరే పద్దెనిమిది పేజీల నోట్సు రాసుకున్నారు.

తిరిగొచ్చిన మర్నాడే కౌన్సిలు హాల్లో సమావేశం పెట్టి, బోర్డు మీద పెద్ద సున్నా గీసి, ఇదేమిటో చెప్పమన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు దిబ్బరొట్టె అన్నాడు. కమిషనరు గారు నవ్వి, ఇది కణం అన్నారు. తల్లి కడుపులో మనమంతా ఒకే ఒక్క కణంగా మొదలయ్యామట. ఆ ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరుగుతాయి. కొన్నాళ్లు అన్నీ ఒకేలా ఉంటాయి. ఆ తరవాత ఒకటి గుండె కణమవుతుంది, ఒకటి ఎముకవుతుంది, ఇంకొకటి చర్మమవుతుంది. చిత్రమేమిటంటే అన్నిటి దగ్గరా ఉన్న పుస్తకం ఒకటే. గుండె కణం అందులో గుండెకి కావలసిన పేజీలు మాత్రం తెరిచి, మిగతా పేజీలు మూసేసుకుంటుంది. ఏమీ కాకుండా, ఏదైనా కాగలిగేలా మిగిలిన కణాలు కొన్నుంటాయి. వాటిని మూలకణాలంటారు. ఈ మధ్య శాస్త్రవేత్తలు మామూలు చర్మ కణాన్ని కూడా వెనక్కి మళ్లించి మూలకణంలా మార్చగలుగుతున్నారట.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. వినడానికి నాకూ ముచ్చటేసింది.

“ఎంత దయనీయమైన పరిస్థితో గమనించండి,” అన్నారు కమిషనరు గారు. “గుండె కణం చచ్చేదాకా గుండె కణమే. మన కార్యాలయంలోనూ ఇదే జడత్వం రాజ్యమేలుతోంది. నీటిపన్ను గుమాస్తా నీటిపన్ను గుమాస్తాగానే పదవీ విరమణ చేస్తున్నాడు. తొంభై తొమ్మిది శాతం పేజీలు మూసుకుని బతుకుతున్నాం. సమగ్ర పరివర్తనాత్మక దృక్పథంతో ప్రతి ఉద్యోగినీ వెనక్కి మళ్లించి మూలకణంగా తీర్చిదిద్దబోతున్నాం.”

మేం చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టడానికి ప్రత్యేక నైపుణ్యం అక్కర్లేదు.

సాయంత్రానికి నా ముసాయిదా సిద్ధమైంది. ఇందుమూలముగా హోదాలన్నీ రద్దయ్యాయి. ఆఫీసరు స్థాయి వాళ్లు మూలకణం, గ్రేడ్-వన్ అయ్యారు. మిగతావాళ్లు మూలకణం, గ్రేడ్-టూ. ప్రతి కణం దగ్గరా మొత్తం పుస్తకం ఉండాలి కనుక పదకొండు వందల పేజీల పురపాలక చట్టాన్ని అందరికీ జిరాక్సు తీయించి పంచమన్నారు. డెబ్భయ్యో కాపీ దగ్గర మిషను ప్రాణం విడిచింది. వీధులూడ్చే నరసాయమ్మ తన కాపీని వంటింట్లో పీటకింద ఎత్తు వేసుకున్నానని, నడుంనొప్పి తగ్గిందని నాతో చెప్పింది. పథకం వల్ల మేలు పొందినవారి జాబితాలో ఆవిడ పేరు మొదట రాశాను.

ఆరో క్లాజు నా సొంత కల్పన. ‘మూలకణ స్థితికి మళ్లించబడిన ఏ ఉద్యోగినీ తన పూర్వపు పని గురించి ఎవరూ అడుగరాదు, సదరు ఉద్యోగి చెప్పరాదు.’ పాత వాసన పోతేగాని కొత్త వాసన పట్టదని నా ఊహ. కమిషనరు గారు ఆ క్లాజు కింద ఎర్ర గీత గీసి బాగుందన్నారు. ఆ మెప్పుకి నేను రెండు రోజులు ఉబ్బిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రతి సోమవారం పొద్దున కంప్యూటరు లాటరీ తీసి ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో చెప్పేది. ఆర్డర్లు రాయడానికి మనిషి కావాలి గనక నన్ను మాత్రం లాటరీలో వెయ్యలేదు. వీధిలైట్ల ఎలక్ట్రీషియను భవనాల ప్లానులు ఆమోదించాడు. ప్రతి ఇంటికీ స్విచ్‌బోర్డు ఎక్కడుందో అడిగి మరీ సంతకం పెట్టాడు. అకౌంటెంటుని కుక్కలు పట్టడానికి పంపితే మూడు రోజులు సెలవు పెట్టి నాలుగో రోజు ఒక కుక్కని ఇంటికి తెచ్చుకుని పెంచుకున్నాడు. జనన మరణాల గుమాస్తా గంటా దానియేలు గారికి ఎన్ని లాటరీలు తీసినా దోమల మందు కొట్టే మిషనే తగిలింది. ఇరవై ఏడేళ్లు ఒకే కుర్చీలో, ఒకే కిటికీ పక్కన కూర్చున్న మనిషి. మిషను భుజాన వేసుకుని వెళ్లిపోయారు. తరవాత తెలిసిందేమిటంటే, ఆయన పొగ పెట్టే ముందు ప్రతి ఇంటి తలుపూ కొట్టి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో, పసిపిల్లలున్నారో లేదో అడిగి, ఉంటే దుప్పటి కప్పి బయటికి తెమ్మని, తెచ్చాక పిల్లకి పేరు పెట్టారా అని వాకబు చేసేవారట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆయనది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి, అదీ అంత తేలిగ్గా పోలేదు.

కణాలన్నాక విభజన కూడా ఉండాలి కదా. వంద ఫైళ్లు దాటిన ప్రతి సెక్షనూ రెండుగా చీలాలని రెండో ఆర్డరు వచ్చింది. చీలే ముందు అవసరం ఉందో లేదో తనిఖీ చెయ్యాలన్న నిబంధన కూడా పెట్టాం. శరీరంలోనూ అలాంటి తనిఖీ ఉంటుందట. ఎవరు ఎప్పుడు చీలాలో చూడటానికి, లాటరీతో పనిలేకుండా, ఇద్దరితో విభజన పర్యవేక్షణ సెక్షను పెట్టి, ఆ తనిఖీ కూడా దానికే అప్పగించాం. ఆ ఇద్దరూ ఊళ్లోని ఫైళ్లన్నీ లెక్కపెట్టి, ఒక్కో లెక్కకీ ఒక్కో ఫైలు తెరిచారు. పదిహేను రోజుల్లో నూటొకటి అయ్యాయి. నిబంధన ప్రకారం తమని తాము తనిఖీ చేసుకుని, అవసరం ఉందని తేల్చుకుని, నలుగురయ్యారు. నలుగురూ ఎనిమిది మంది కావడానికి అన్నాళ్లు పట్టలేదు. రెండు నెలలు తిరక్కుండానే ముప్పై రెండు మందిగా స్థిరపడి మేడ మీద అంతస్తంతా తీసుకున్నారు. టౌన్ ప్లానింగులో ఉన్న ఏసీ వాళ్ల దగ్గరికే చేరింది. మంచినీళ్ల డబ్బాలూ వాళ్లకే వెళ్లేవి. చివరికి అర్జీలు పట్టుకొచ్చిన జనం కూర్చునే వరండా కూడా వాళ్ల ఫైళ్లకే సరిపోయింది. జనం మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

లోవకుమారి మొదటిసారి వచ్చింది ఆ మెట్ల మీదకే. పథకం మొదలై అప్పటికి అరవై రెండు రోజులు.

పాతికేళ్ల పిల్ల. మెయిన్ రోడ్డులో బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది, మెళ్లో టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చింది. ఆవిడ చెల్లెలు సత్యవేణికి పంతొమ్మిదేళ్లు, రక్త క్యాన్సరు. జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రిలో ఉంది. మందులతో జబ్బు ప్రస్తుతానికి అణిగింది. నెలన్నర లోపల ఆరోగ్యవంతుల మూలకణాలు ఎక్కించాలి, దాటితే జబ్బు మళ్లీ లేస్తుంది, రెండోసారి లేస్తే మందులకి లొంగదు అని డాక్టరమ్మ చెప్పింది. పరీక్షలు చేస్తే అక్క కణాలు చెల్లెలికి అచ్చంగా సరిపోయాయి. అంత అదృష్టం నలుగురిలో ఒకరికి పడుతుందట. వైద్య సహాయ పథకం వాళ్లు మాత్రం ఇద్దరూ ఒక తల్లి పిల్లలేనని రుజువు కావాలన్నారు. ఆధార్‌లో తల్లి పేరుండదు కనుక జనన ధ్రువపత్రాలు తెమ్మన్నారు. లోవకుమారిది ఉంది. సత్యవేణిది లేదు.

ఆ వారం జనన మరణాల సీటులో ఉన్నది వీధిలైట్ల ఎలక్ట్రీషియను. కంప్యూటరులో చూశాడు, లేదు. రిజిస్టర్ల బీరువాలో చూస్తే ఆ ఏడాది జననాల పుస్తకమే లేదు. తెలిసినంతలో నిజాయితీగా ఒక కాగితం రాసిచ్చాడు: ‘సదరు సత్యవేణి జన్మించినట్లు ఈ కార్యాలయమునకు సమాచారము లేదు.’

లోవకుమారి మళ్లీ వచ్చేసరికి సోమవారం దాటింది, సీటులో పార్కు తోటమాలి సూరిబాబు ఉన్నాడు. అతను మెత్తటి మనిషి. ఆడపిల్ల కన్నీళ్లు చూడలేక మూడు రోజులు రికార్డు రూములో దుమ్ము తిని, ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాడు. దొరికింది. సత్యవేణి, ఆడ, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాకపోతే పుస్తకం అట్ట మీద ‘మరణాలు’ అని ఉంది. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్లు ఇవ్వాలని చట్టం కాపీలో చదివాడు గనక, అతను మరణ ధ్రువపత్రం తయారు చేసి, రెండు చేతులతో అందిస్తూ, పుట్టిన రోజునే పోయిందంటమ్మా, గుండె రాయి చేసుకో అని ఓదార్చాడు.

“ఆ పిల్లకి పొద్దున్నే ఇడ్లీ తినిపించి వచ్చానండి,” అంది లోవకుమారి.

సూరిబాబు తెల్లబోయాడు. ఈలోగా ధ్రువపత్రం కంప్యూటరు ద్వారా దానంతటదే వైద్య సహాయ పథకం వాళ్లకి చేరింది. మర్నాటికి జవాబొచ్చింది. రోగి పంతొమ్మిదేళ్ల కిందటే మరణించినందున దరఖాస్తు తిరస్కరించడమైనది.

అప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చింది. నా బల్ల ముందు నిలబడి, ఫోనులో చెల్లెలి వీడియో చూపించింది. బోడిగుండు, చేతికి సూది, అయినా పక్క మంచం ఆవిడతో ఏదో చెప్పి నవ్వుతోంది. ఆ నవ్వు నాకు మూడు రోజులు అన్నం సహించనివ్వలేదు. సరిగ్గా చెప్పాలంటే, అన్నం సహించకపోయినా నేను చేసిందల్లా ఆవిణ్ణి సోమవారం ప్రజావాణికి వెళ్లి కమిషనరు గారిని కలవమనడం.

కలిసింది. అర్జీలో ‘మూలకణాలు’ అన్న మాట చూడగానే కమిషనరు గారి మొహం వెలిగిపోయింది. ఆయన లేచి నిలబడి, మన విధానానికి ఇంతకంటే సజీవ నిదర్శనం ఏముందన్నారు. ఆవిడకి శాలువా కప్పారు. ఆవిణ్ణి పథకానికి గౌరవ ప్రచారకర్తగా ప్రకటించారు. బుధవారానికల్లా ఆఫీసు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. ఒక పక్క అక్క, ఒక పక్క చెల్లెలు, మధ్యలో నమస్కారం పెడుతూ కమిషనరు గారు. లోపల మా కంప్యూటరులో ఆ చెల్లెలు పంతొమ్మిదేళ్ల కిందట చనిపోయే ఉంది. ధ్రువపత్రం సంగతేమిటని అడిగితే, సంబంధిత కణం చూసుకుంటుంది అన్నారు. ఏ కణం సంబంధితమో చెప్పడానికి వీల్లేకుండా చేసినవాణ్ణి నేను.

పథకం నూరో రోజు వేడుకకి సత్యవేణికి వైద్యం చేస్తున్న డాక్టరు షమీమ్ గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆవిడ రానని అంటే, లోవకుమారి కాగితం పని ఆ రోజే అవుతుందని నేను ఫోనులో అబద్ధం చెప్పాను. ఆవిడ వచ్చారు. సన్నటి మనిషి, మైకు తన ఎత్తుకి దించుకోవడానికి కాసేపు పట్టింది. కమిషనరు గారు మూలకణాల ఔన్నత్యం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, ఇప్పుడు ఒక నిపుణురాలి నోట వినండి అన్నారు.

ఆవిడ చాలా మామూలుగా చెప్పారు. రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. పుట్టినప్పుడు వాటికి ఏ పనీ రాదు. పెరిగే కొద్దీ ఒకటి ఊపిరి మొయ్యడం నేర్చుకుంటుంది, ఒకటి రోగంతో పోరాడటం, ఒకటి గాయం దగ్గర నెత్తురు కట్టించడం.

“సత్యవేణికి వచ్చిన జబ్బు ఏమిటంటే, ఆ కణాలు పెరగవండి. ఏ పనీ నేర్చుకోవు. ఊరికే రెట్టింపవుతూ ఉంటాయి. ఉన్న చోటంతా వాటికే, తిండంతా వాటికే. పని వచ్చిన కణాలకి ఇక నిలబడటానికి కూడా చోటుండదు. ఆ పిల్ల చనిపోతే దాని వల్లే చనిపోతుంది.”

ఫ్యాన్ల కింద రెండు వరసల్లో కూర్చున్న విభజన పర్యవేక్షణ సెక్షను ముప్పై ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. కమిషనరు గారు కొంచెం తడబడి, అయితే మూలకణం గొప్పది కాదంటారా అని అడిగారు.

“చాలా గొప్పదండి. అది చీలినప్పుడు తనలాంటిదాన్ని ఒకదాన్ని ఉంచుకుని, రెండోదాన్ని పని నేర్చుకోవడానికి పంపుతుంది. అది లేకపోతే రేపటికి పనివాళ్లుండరు. అదొక్కటే ఉంటే ఇవాళ పని జరగదు.” ఆవిడ చేతి గడియారం చూసుకున్నారు. “నాకు ఇంక ఏడు రోజులే ఉన్నాయి. ఆ కాగితం ఇప్పించండి, వెళతాను.”

కమిషనరు గారు వెంటనే స్పందించారు. ఈ అంశాన్ని సమగ్రంగా అధ్యయనం చేయవలసిందిగా విభజన పర్యవేక్షణ సెక్షనుని వేదిక మీదనుంచే ఆదేశించారు. వాళ్లు అక్కడికక్కడే ఫైలు తెరిచారు. డాక్టరు గారు నా వైపు ఒకసారి చూసి మెట్లు దిగారు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం నేను జీవితంలో మొదటిసారి నా సొంత ఆర్డరు మీరాను. స్కూటరు తీసుకుని, పొగ ఎక్కడ లేస్తోందో చూసుకుంటూ వీధులు తిరిగాను. చేపల బజారు వెనక సందులో దానియేలు గారు కనిపించారు. చొక్కా అంతా డీజిలు వాసన. మిషను ఆపమన్నాను. ఆరో క్లాజు రాసిన నోటితోనే, ఆ ఏడాది జననాల రిజిస్టరు ఏమైందని అడిగాను.

ఆయన ఆలోచించనైనా లేదు.

“తుపాను ఏడు కదండి అది. ఆఫీసులోకి నడుంలోతు నీళ్లొచ్చేసి జననాల పుస్తకం ముద్దయిపోయిందండి. ఆరబెట్టి, చదవడానికొచ్చినవన్నీ తిరగ రాద్దామంటే కొత్త పుస్తకం లేదు. కావాలని ఇండెంటు పెడితే ఆర్నెల్లకి గాని రాలేదు. మరణాల పుస్తకం మేడ మీదుండి బాగుంది, వెనకాల ఎనభై కాగితాలు ఖాళీ. అందులో రాశానండి. ఆ ఏడు పుట్టినోళ్లంతా అందులోనే ఉన్నారు. మూడొందల పన్నెండు మంది.”

“మరి ఎవరికైనా చెప్పాల్సింది కదా దానియేలు గారూ,” అన్నాను.

“నా సీట్లో నేనుంటాననుకున్నానండి,” అన్నారాయన.

స్కూటరు వెనక ఎక్కించుకుని తీసుకొచ్చాను. రికార్డు రూములో ఆయన పుస్తకం తీసి, వెనక నుంచి తిప్పి, పేజీ మీద చెయ్యి పెట్టడానికి అట్టే సేపు పట్టలేదు. మొదటి ఖాళీ కాగితం మీద పాత కమిషనరు గారి అనుమతి, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. సూరిబాబు చూసింది మధ్య పేజీ. దానియేలు గారు మరణ ధ్రువపత్రం రద్దుకి నోటు రాసి, జనన ధ్రువపత్రం తయారు చేశారు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. వేడుకకని వచ్చి మెట్ల మీదే ఉండిపోయిన లోవకుమారి కళ్లనీళ్ల పర్యంతమవుతుంటే కుర్చీ లాగి వేసి, ఆవిడ ఊపిరి తీసుకునేదాకా ఆగి, అక్షరాలు సరిచూసుకోమన్నారు.

సంతకం సంగతి నేను చూసుకున్నాను. సాయంత్రం కమిషనరు గారి ముందు పెట్టే నూట పన్నెండు కాగితాల మధ్య ఆ రెండింటినీ పెట్టాను. అరవయ్యో కాగితం దాటాక ఆయన చదవరు, అది నాకు వచ్చిన ఏకైక విద్య. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి లోవకుమారి ఆసుపత్రికి వెళ్లింది. ఐదో రోజున అక్క కణాలు చెల్లెలికి ఎక్కించారు.

మా ఆఫీసులో మంచిపనికి కూడా రసీదు ఉంటుంది. పది రోజుల తరవాత దానియేలు గారికి విభజన పర్యవేక్షణ సెక్షను నుంచి మెమో వచ్చింది. దోమల నివారణ విధుల్లో ఉన్న మూలకణం, గ్రేడ్-టూ, క్లాజు ఆరుకి విరుద్ధంగా తన పూర్వపు పనిని ఉద్దేశపూర్వకంగా, సమర్థవంతంగా నిర్వహించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. మెమో ముసాయిదా నాది కాదుగాని, ‘సమర్థవంతంగా’ అన్న మాట ఎవరు చేర్చారో చూసి మెచ్చుకోవాలనిపించింది.

ఆయన దాన్ని నా దగ్గరికి తెచ్చారు. తప్పంతా నాది, మెమో ఆయనకి. నేను మూడు పేజీల జవాబు రాసిచ్చాను. ‘అనివార్య పరిస్థితుల దృష్ట్యా’, ‘సదుద్దేశంతో’, ‘క్షంతవ్యుడనని మనవి’ అన్నీ పడ్డాయి. ఆయన ఓపిగ్గా చదివి, బాగుందండీ అని మడిచి జేబులో పెట్టుకుని, వేరే కాగితం తీసి సొంతంగా మూడు ముక్కలు రాసి సంతకం చేశారు.

ఆ కాగితం కమిషనరు గారి దగ్గరికి వెళ్లిన రోజే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కణాలు ఎక్కించిన పంతొమ్మిదో రోజు అది. లోవకుమారి ఏడుస్తోందో నవ్వుతోందో మొదట అర్థం కాలేదు. చెల్లెలి రక్తంలో మంచి కణాలు లేస్తున్నాయట. చేతి నరంలోకి ఎక్కించినవి ఎవరూ దారి చూపకుండానే వెతుక్కుంటూ ఎముకల్లోకి పోయి, అక్కడ కుదురుకుని, పనిలో పడ్డాయట. ఇంకా గండాలున్నాయి కాని మొదటిది గట్టెక్కింది అని డాక్టరమ్మ చెప్పమన్నదట. ఫోను పెట్టేసి, దానియేలు గారికి చెబుదామని లేచాను.

కమిషనరు గారు పిలిచారని కబురొచ్చింది. వెళ్లేసరికి ఆయన ముందు దానియేలు గారి సంజాయిషీ ఉంది. ‘ఆ పని నాకు వచ్చును. ఆ అమ్మాయికి అవసరము. అందుకని చేసితిని.’

మీరు చూసి సరిదిద్దలేదా అని అడిగారు. నేను మూడు పేజీలు రాసిచ్చానని, దానియేలు గారు అది వాడలేదని, పనిలో పనిగా ఆ కాగితాలు సంతకాల్లో కలిపింది నేనేనని కూడా చెప్పేశాను. ఫోనులో విన్నదీ చెప్పాను. కమిషనరు గారు కోప్పడలేదు. ఆ మూడు ముక్కలు మళ్లీ చదివారు. ఈ రిజిస్టర్ల సంగతి ఇంకెవరికి తెలుసని అడిగితే, ఎవరికీ తెలియదన్నాను. దానియేలు గారికి ఇంకా ఎంత సర్వీసుందన్నారు. పద్నాలుగు నెలలన్నాను.

ఆ కాగితం బల్ల మీద పెట్టి నా వైపు తిరిగారు.

“సూపరింటెండెంటు గారూ, పదకొండేళ్లలో తొమ్మిది శాఖలు చూశానండి నేను. చేపలు, చక్కెర, చేనేత, పర్యాటకం... అన్నిటికీ అధిపతినే. ఇవాళ ఎవరైనా వచ్చి, వీటిలో ఒక్క పని నాకు నేర్పండి అంటే, ఏం నేర్పుతాను?”

ఆయన్ని చూస్తే జాలేసింది. చదువుకున్న మనిషి, మంచి మనిషి. ఎక్కడా కుదురుకోనివ్వకుండా తిప్పితే తిరగడమే విద్య అనుకున్నాడు, మాకూ అదే నేర్పబోయాడు.

ఆయన మెమో మీద అడ్డంగా గీత కొట్టి, దానియేలు గారిని ఆయన సీటుకి పంపమన్నారు. ఆయన పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టండి, ఈ పద్నాలుగు నెలల్లో నేర్చుకుంటారు అన్నారు. ఆయన హయాంలో నేను రెండోసారి చదవకుండా అర్థం చేసుకున్న ఆర్డరు అదొక్కటే. ‘ఇందుమూలముగా’ కూడా చేర్చలేదు.

మేడ మీదకి వెళ్లి, జనన మరణాల పని నేర్చుకోవడానికి ఒకరు కావాలని విభజన పర్యవేక్షణ సెక్షనులో అడిగాను. ఎవరూ రారనుకున్నాను. ముప్పై ఇద్దరూ లేచి నిలబడ్డారు. పాపం, ఏసీ కింద కూర్చుని మూడు నెలలుగా ఎవరికీ పనికిరాకుండా ఉండటం వాళ్లకి మాత్రం ఏం సుఖం? వాళ్లలోంచి జయప్రభ అనే జూనియర్ అసిస్టెంటుని తీసుకున్నాను. మిగతావాళ్లు కూర్చోలేదు. ఇంకెక్కడైనా నేర్చుకునే పనులున్నాయా అని అడిగారు. చాలా ఉన్నాయని చెప్పాను.

మర్నాడు పదకొండింటికి అటుగా వెళ్లాను. దానియేలు గారు పాత కిటికీ పక్కన ఉన్నారు, జయప్రభ కొత్త పెన్ను, కొత్త నోటుబుక్కు పెట్టుకుని పక్క కుర్చీలో ఉంది. ఎదురుగా నెల్లాళ్ల పసిగుడ్డుని ఎత్తుకుని ఒక బాలింత నిలబడి ఉంది. జయప్రభ ఉత్సాహంగా రిజిస్టరు లాక్కుని, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ చెప్పమని మొదలుపెట్టింది.

దానియేలు గారు రిజిస్టరు మీద చెయ్యి పెట్టి మూసేశారు.

“ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టమ్మా,” అన్నారు. “పుస్తకం తర్వాత తీద్దాం.”